ఈలకు ముందు

మహిళా సంఘం ఇంట్లో చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లోకి పుస్తకం వెళ్ళగానే అపౌలా పక్కకు జరిగి ఒక స్తంభానికి ఆనుకుంది. ఎన్నో ఏళ్ళుగా బడిలో పాఠాలు చెబుతున్న మనిషి. కొత్త పుస్తకం చేతికొస్తే ఎవరు ముందు ఏ పేజీ తెరుస్తారో చూడటం ఆమెకు సరదా. పిల్లలు బొమ్మల దగ్గరికి వెళతారు. పెద్దవాళ్ళు ఎక్కడికి వెళతారో ఎప్పుడూ గమనించలేదు.

పెద్దవాళ్ళు తమ పేర్ల దగ్గరికి వెళ్ళారు.

"ఇదిగో, నేను!" అంది మాసినా. సలేమోవా ఊరి ఆడవాళ్ళ జట్టులో బ్యాటు పట్టేవాళ్ళందరిలోకీ పెద్దది. పేజీని చాచిన చేతికి అంత దూరాన పెట్టి కళ్ళు చికిలించి చదివింది. "నా దెబ్బకి బంతి చర్చి కప్పు దాటి పందులదొడ్లో పడిందట. బాగానే రాశావు గానీ అపౌలా, పందులదొడ్డి కాదే. ఆ పక్కన అరటితోటలో."

"పందులదొడ్లోనే," అంది బౌలరు పౌలీనా తల ఎత్తకుండా. "తెచ్చింది నేను. చేతులకి ఎంత సబ్బు రాసినా కంపు పోలేదు."

"నువ్వు తెచ్చింది ఇంకో ఏడాది బంతి."

"నీ బంతులన్నీ గుర్తుపెట్టుకోడానికి నేనేమన్నా నీ మొగుడినా?"

నవ్వులు ఇంటి అంచులు దాటి సముద్రం దాకా వెళ్ళాయి. ఒకామె వాళ్ళమ్మ పేరు లేదని అలిగింది. ఇంకొకామె తను ఔటైన సంగతి ఎందుకు రాశావని అలిగింది. దీవుల్లో క్రికెట్టును తమ పద్ధతికి మార్చుకుని ఆడే కిలికితి ఆట గురించి, అందులోనూ తమ ఊరి ఆడవాళ్ళు ఆడే తీరు గురించి ఇంతకుముందు ఎవరూ పుస్తకం రాయలేదు. మూడు పలకల బ్యాటు ఎలా పట్టాలి, జట్టుకు ఎంతమందైనా ఉండొచ్చు గనక ఎవరెక్కడ నిలబడాలి, రెండు వైపుల నుంచీ బంతులు పడుతుంటే ఎటు చూడాలి, పిలిచిన ఊరు ఆ ఉదయం చెప్పిందే ఆ రోజుకు నియమం, అదే ఊరు తిండి పెట్టలేకపోతే ఓడినట్టే. ఇలాంటివన్నీ మొదటి అధ్యాయంలో ఉన్నాయి. 'మొదటిసారి ఆడేవాళ్ళకు' అని దానికి పేరు పెట్టింది అపౌలా. ఆ అధ్యాయాన్ని ఎవరూ తెరవలేదు.

"అంతా ఉందే," అంది చివరికి మాసినా, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని. "ఒక్కటి కూడా వదల్లేదు. లేయితు చూసుంటే మురిసిపోయేది."

ఆ మాటతో అందరూ కాసేపు విసనకర్రల పనిలో పడ్డారు.

లేయితు అపౌలాకు చెల్లెలు. జట్టు ఫీల్డింగు చేస్తున్నంతసేపూ మైదానం మధ్యలో ఈల పట్టుకుని నిలబడేది ఆమే. వికెట్ పడగానే ఆమె ఈల ఊదుతుంది, అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొడతారు, ఎగురుతారు, ఆడతారు. వానాకాలం మొదట్లో పోయింది. ఆ తర్వాత ఎవరూ మైదానంలో అడుగు పెట్టలేదు. ఆమె నడిపిన ఆట కాగితం మీద కాకపోతే ఇంకెక్కడా మిగలదని సంఘం వాళ్ళు అపౌలాను రాయమన్నారు. అపౌలా ఒప్పుకుంది. రోజూ బడి అయ్యాక రాసింది. బడి ప్రింటరులో తొలి ప్రతులు తీసి కుట్టింది. వచ్చే శనివారం కొత్త చర్చి హాలు ప్రారంభం. తఫలేలే ఊరి ఆడవాళ్ళను ఆటకు పిలిచారు. ఆ లోపల తప్పులేవైనా ఉంటే దిద్ది మళ్ళీ అచ్చు వేయాలి.

ఇప్పటికైతే తప్పల్లా ఆ పందులదొడ్డి ఒక్కటే.

*

ఆ సాయంత్రం చాలా రోజుల తర్వాత సాధన మొదలుపెట్టారు. లేయితు ఈల ఇప్పుడు మాసినా మెడలో ఉంది. అపౌలా ఎప్పటిలాగే చెట్టునీడలో స్కోరు బల్ల దగ్గర కూర్చుంది. ఆమె ఆడదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం.

కొత్త పాస్టరమ్మ వైయోలా లావలావా బట్టను నడుముకు బిగించి కట్టుకుని మైదానంలోకి దిగింది. ఆక్లాండ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఇంతకుముందున్న పాస్టరమ్మలు వరండాలో కుర్చీ వేసుకుని చూసేవాళ్ళు. ఈమె వచ్చి నేనూ ఆడతానంది. పాస్టరమ్మకు కాదని చెప్పే నోరు ఊళ్ళో లేదు. కాదని చెప్పలేని నోరు ఇంకేమీ కూడా చెప్పలేదని ఆ సాయంత్రం తేలింది.

మొదటి బంతికి ఆమె బ్యాటు గాలిలో పెద్ద సున్నా చుట్టింది. "ఎంత అందంగా తిప్పారమ్మగారూ!" అన్నారు నలుగురు.

రెండో బంతికి వికెట్లు ఎగిరి పడ్డాయి. అంపైరుగా ఉన్న చర్చి డీకను ఆకాశంలోకి చూసి, "గాలి," అన్నాడు. బడి జెండా కర్రకు అతుక్కుని వేలాడుతోంది.

మూడోది నేరుగా మాసినా చేతుల్లోకి వెళ్ళింది. పుట్టి బుద్ధెరిగాక క్యాచ్ వదలని మాసినా దాన్ని వదిలేసింది. "కొబ్బరినూనె రాసుకున్నానమ్మగారూ, చేతులు తుడుచుకోలేదు," అంది. పౌలీనా వెనక్కి తిరిగి దగ్గింది.

చీకటి పడకముందే వైయోలా అపౌలా ఇంటికి వచ్చింది. గడప బయటే చెప్పులు వదిలి, చాప మీద కూర్చుని, ఇచ్చిన కోకో కప్పు చేతిలో పట్టుకుంది గాని తాగలేదు.

"టీచరుగారూ, నేను ఔటయ్యానా, కాలేదా?"

"మీరు పాస్టరమ్మగారు."

"నేనడిగింది అది కాదు."

అపౌలా తలుపు వైపు చూసింది. దారిన ఎవరూ లేరు. "అయ్యారు. రెండుసార్లు."

వైయోలా అప్పుడు కోకో తాగింది. "అమ్మయ్య. నాకు పిచ్చెక్కిందేమో అనుకున్నా. వికెట్లు కింద పడుంటే గాలి అంటాడేంటండీ ఆయన! రేపు ప్రార్థన చేయించాల్సిన మనిషి!"

"మీ మీద గౌరవం."

"నన్ను గౌరవించి గౌరవించి శనివారం నాడు తఫలేలే వాళ్ళ ముందు వెర్రిమొహంలా నిలబెడతారు. నేను తప్పు చేస్తే వాళ్ళు నన్నేమీ అనరు. మిమ్మల్ని అంటారు. అవునా?"

అవును. ఈ దీవిలో పరుగులు నెల తిరక్కుండా మర్చిపోతారు. తప్పు చప్పట్లు మర్చిపోరు. ఎప్పుడో మోకాళ్ళ మీద కూర్చుని చప్పట్లు కొట్టాల్సిన చోట ఎగిరిన తఫలేలే మనిషిని సలేమోవాలో ఇప్పటికీ కప్ప అంటారు. ఆమె మనవరాళ్ళను కప్పపిల్లలంటారు.

"నాకు నేర్పేవాళ్ళెవరు మరి? అడిగితే అందరూ నవ్వి, మీకు వచ్చేసిందమ్మగారూ అంటున్నారు."

అపౌలా లేచి బల్ల మీది ప్రతి ఒకటి తెచ్చి ఇచ్చింది.

"ఇది నన్ను తిడుతుందా?" అంది వైయోలా.

"తిట్టదు. పొగడదు కూడా."

"చాలు. దీనికి నా మొగుడెవరో తెలియదు కదా."

*

మర్నాడు సాయంత్రం వైయోలా పుస్తకంతో, పెన్సిలుతో వచ్చింది. ప్రతి పేజీ అంచునా గీతలున్నాయి. "మీరు పిల్లల కాపీలు దిద్దినట్టు దిద్దాను. కోప్పడకండి."

బ్యాటు పట్టడం వచ్చేసిందని ముందే చెప్పింది. పెరట్లో కొబ్బరి మట్టతో అలవాటు చేసుకుందట. పలక అంచు నేల వైపు ఉండాలని పుస్తకం చూశాకే తెలిసిందట. అందరూ చూస్తుండగా అడగడానికి సిగ్గుపడే సంగతులన్నీ ఒంటరిగా పెరట్లో పుస్తకాన్ని అడగొచ్చు. ఎన్నిసార్లడిగినా విసుక్కోదు. అంతవరకూ బాగుంది.

"ఇక్కడ చూడండి. 'ఎప్పుడూ నిలబడే చోట నిలబడాలి.' నేను ఎప్పుడూ ఎక్కడ నిలబడతానండీ?"

అపౌలా ఆ వాక్యం చదువుకుంది. రాసింది తనే. రాసినప్పుడు అందులో ఏ లోపమూ కనిపించలేదు.

"'బంతి మామిడిచెట్టు దాటితే పరుగెత్తక్కర్లేదు.' మైదానమంతా వెతికాను. మామిడిచెట్టేది?"

"తుఫానుకు పడిపోయింది."

"ఎప్పుడు?"

"పెద్ద తుఫానుకు. నేనింకా అప్పుడు ఉద్యోగంలో చేరలేదు."

వైయోలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అపౌలాకూ నవ్వొచ్చింది. లేని చెట్టును ఊరంతా ఇన్నేళ్ళుగా హద్దుగా పెట్టుకుని ఆడుతోంది. నిన్న అంతమంది చదివారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్ళు చదువుతున్నప్పుడు ఆ చెట్టు వాళ్ళకు కనిపించింది.

చాలాకాలం తర్వాత అపౌలాకు హుషారుగా అనిపించింది. పెన్సిలు అందుకుని గీతలు గీస్తూ పోయింది. ఇక్కడ 'బావి ఎదురుగా'. అక్కడ 'బడి గేటు నుంచి పదడుగుల దూరం'. వైయోలా అడుగుతోంది, ఆమె రాస్తోంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో పిల్లలు ఇలాగే అడిగేవాళ్ళు. ఆకాశానికి అంచు ఎక్కడుంది టీచర్, అని. తెలుసనుకున్నది తెలియదని అప్పుడే తెలిసేది.

"ఇంకొక్కటే," అంది వైయోలా. "చివర్లో ఉంది. 'వికెట్ పడితే ఈల మనిషిని అనుసరించాలి.' అంతే. ఒక్క వాక్యం."

"అవును."

"చప్పట్లు ఒక రకం కాదు కదా. ఎగిరేది ఒకటుంది, మోకాళ్ళ మీద కూర్చునేది ఒకటుంది. నిన్న గమనించాను, ఈల మాత్రం ఎప్పుడూ ఒకేలా మోగుతోంది. మరి ఈసారి ఏదో ముందే ఎలా తెలుస్తుంది?"

"తెలిసిపోతుంది."

"ఎవరికి?"

అపౌలా ఆ ఒక్క వాక్యం మళ్ళీ చదివింది.

"మీకు తెలుసా అక్కా?" అంది వైయోలా. టీచరుగారూ అనడం మర్చిపోయింది.

"తెలియదు."

చెప్పాక ఆ మాట అపౌలాకే కొత్తగా వినిపించింది. చెల్లెలు ఈల పట్టిన ప్రతి ఆటకూ తను స్కోరు బల్ల దగ్గర ఉంది. వికెట్ పడుతుంది, తను తలవంచి ఎవరు, ఎవరి బంతికి, ఎన్ని పరుగులకు అని రాసుకుంటుంది. తల ఎత్తేసరికి చప్పట్లు అయిపోయి ఉంటాయి. లేయితు ఊరంతటినీ ఒక్కసారిగా ఎగిరించే ఆ క్షణంలో లేయితును ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. పుస్తకంలో చెల్లెలి గురించి ఎన్నో పేజీలు రాసింది. ఆమె గెలిపించిన ఆటలు, ఆమె వేసిన జోకులు, వానలో ఆపకుండా ఆడించిన రోజు. ఆమె చేసే పని ఏమిటో ఆ పేజీల్లో లేదు.

"వదిలేశానని కూడా నాకు తెలియలేదు," అంది.

వైయోలా పుస్తకం మూసింది. "నిన్న అందరూ బాగుందన్నారంటే..."

"వాళ్ళు చదవలేదమ్మా. గుర్తు చేసుకున్నారు."

*

మాసినా గుమ్మం ముందు చేపలు శుభ్రం చేస్తోంది. అపౌలా ప్రశ్న విని కత్తి ఆపింది.

"ఎలా తెలుస్తుందంటే ఏం చెప్పను? చెవితో."

"ఈల ఒకేలా మోగుతుంది కదా. పైగా సముద్రపు గాలికి సగం వినిపించదు."

"అదీ నిజమే." మాసినా ఆలోచించింది. "నేను పౌలీనాని చూస్తా. అది ఏం చేస్తే అదే."

పౌలీనా టారో దుంపల చేలో ఉంది. "నేనా? నేను మాసినాని చూస్తా," అంది.

"మాసినా నిన్ను చూస్తానంది."

పౌలీనా నడుం నిటారు చేసి నిలబడింది. "దాని మొహం. ఇన్నేళ్ళ నుంచీ నన్ను చూసి ఎగురుతూ ఊరంతా నేనే ముందు ఎగురుతానని చెప్పుకుంటోందా?"

మూడో మనిషి లేయితు భుజం చూస్తానంది. నాలుగో మనిషి, అది చెప్పేది కాదు, ఒంట్లోకి వస్తుందంది. ఒక్కరికీ తెలియదు. అందరికీ వచ్చు. అపౌలా దారి పొడవునా అదే తలపోసింది. బాధగా అనిపించాల్సిన విషయమే, కానీ అంతకంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇంతమందికి వచ్చిన పని ఏ ఒక్కరి నోటి నుంచీ రావడం లేదు. దాన్ని బయటికి లాగడం ఎలా?

బడిలో ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. జవాబు చెప్పమంటే తలలు దించుకునే పిల్లలు, బోర్డు మీద టీచరు తప్పు లెక్క వేస్తే మాత్రం ఊరుకోరు. వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి అరుస్తారు.

సాయంత్రం సాధనకు అందరూ చేరాక అపౌలా స్కోరు బల్ల వదిలి మైదానం మధ్యలోకి నడిచింది. మాసినా మెడలో ఉన్న ఈల తీసుకుని, లేయితు నిలబడే చోట నిలబడింది. ఆడవాళ్ళు మాటలు ఆపారు.

"నేను లేయితుని," అంది అపౌలా. "వికెట్ పడింది." ఈల నోట్లో పెట్టుకుని కొయ్యలా నిలబడి ఊదింది.

ఎవరూ కదల్లేదు. పౌలీనా నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. "అది లేయితా! ప్రార్థనలో డీకనుగారిలా ఉన్నావే తల్లీ!"

"ఏం తప్పు?"

"అన్నీ తప్పే. అంత బిగుసుకుని ఎప్పుడు నిలబడింది అది? మోకాలు వదులు చెయ్యి."

అపౌలా మోకాలు వదులు చేసి ఊదింది.

"చాల్లే, బాతులా! నడుం అటు కాదు. ఆ చెయ్యి అక్కడెందుకుంది?"

"ఎక్కడుండాలి?"

"కింద. లావలావాకి తుడుచుకోవాలి. అరచెయ్యి."

"ఎప్పుడు?"

"ఎగిరేటప్పుడు!" అన్నారు ముగ్గురు ఒక్కసారే. అని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వెప్పుడు చూశావే?" అంది మాసినా.

"నేను చూశానని నాకు తెలియదే," అంది పౌలీనా.

ఇక వదల్లేదు. అపౌలా తప్పు చేస్తుంటే వాళ్ళు దిద్దుతూ పోయారు. తిట్టారు, నవ్వారు, వచ్చి కాలు పట్టి జరిపారు. అరచెయ్యి నడుముకు తుడుచుకుంటే ఎగిరే చప్పట్లు. ఎడమ కాలు కొంచెం వెనక్కి జరిగితే మోకాళ్ళ మీదవి. మొహం సముద్రం వైపు తిప్పితే ఒకే ఒక్క చప్పట, అది ఔటైన మనిషి ముసలిదైనా, పెద్ద హోదా గలదైనా గౌరవం కోసం. ఈల ఆ తర్వాత వస్తుంది. ఈల వచ్చేసరికి అందరికీ తెలిసిపోయి ఉంటుంది. ఈల వికెట్ తీశామని చాటడానికి మాత్రమే.

"ఇంకోసారి," అంది అపౌలా. ఎడమ కాలు వెనక్కి జరిపింది. ఈల ఊదలేదు.

అయినా ముప్ఫై మంది ఆడవాళ్ళు మోకాళ్ళ మీదికి వచ్చారు, చప్పట్లు ఒక్కటిగా మోగాయి. ఒకప్పుడు మామిడిచెట్టు ఉన్న చోట తిరుగుతున్న కోళ్ళు చెదిరిపోయాయి.

లేచి నిలబడటానికి ఎవరూ తొందరపడలేదు. మాసినా భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకుని, "చెమట," అంది. ఎవరూ అడగలేదు.

వరండా పక్కన నిలబడి చూస్తున్న వైయోలా అప్పటికే తన పుస్తకం అంచున రాసుకుంటోంది. ఆ రాత పక్కన పెట్టుకుని అపౌలా కొత్త పేజీ రాసింది. ఒక వైపు సరిపోయింది. వెనక వైపు ఖాళీగా వదిలేసి కుట్టింది.

*

శనివారం తఫలేలే ఆడవాళ్ళు రెండు బస్సుల్లో దిగారు, ఎర్ర బట్టల్లో, పాడుకుంటూ. వాళ్ళ ఈల మనిషి ఓలితా అందరికంటే ముందు దిగింది. తెల్లజుట్టు మనిషి, నడకలో మాత్రం వయసు లేదు. సలేమోవా ఊరిపెద్ద లేచి ఆ రోజు నియమాలు చెప్పాడు. కొత్త హాలు గోడకు బంతి తగిలితే పరుగులు లేవు, కిటికీ పగిలితే పగలగొట్టిన ఊరే బాగు చేయించాలి.

సలేమోవా ముందు ఫీల్డింగుకు దిగింది. ఈల మాసినా దగ్గరుంది. వైయోలా బావి ఎదురుగా, పుస్తకం చెప్పిన చోట నిలబడింది. పౌలీనా బంతికి మొదటి వికెట్ పడింది. మాసినా అరచెయ్యి నడుముకు తుడుచుకుంది. వైయోలా కూడా అందరితో పాటే గాలిలోకి లేచింది, అందరితో పాటే దిగింది. ముందూ కాదు, వెనకా కాదు.

స్కోరు బల్ల దగ్గర తఫలేలే మనిషి అపౌలా మోచెయ్యి తట్టింది. "ఔటైంది ఎవరు, రాయవా?"

"నేను అటు చూస్తున్నాను," అంది అపౌలా. "మీరే చెప్పండి."

మధ్యాహ్నం ఎండలో సలేమోవా బ్యాటింగు. వైయోలా వంతు వచ్చింది. రెండు దెబ్బలు బాగా కొట్టింది. మూడో బంతికి మధ్య వికెట్ వెనక్కి పడింది. డీకను మెల్లగా ఆకాశం వైపు తల ఎత్తాడు.

"గాలి లేదు డీకనుగారూ," అంది వైయోలా. "నేను ఔట్." బ్యాటు చంకలో పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది.

ఎర్ర బట్టల వాళ్ళు ఓలితా వైపు చూశారు. ఓలితా పాస్టరమ్మను చూసింది, మొహం సముద్రం వైపు తిప్పింది. ఆ గుర్తు రెండు ఊళ్ళదీ ఒకటే. ఒకే ఒక్క చప్పట మోగి ఆగింది.

వైయోలా ఆగి వెనక్కి తిరిగింది. "ఒక్కటేనా?"

తఫలేలే వాళ్ళు బిత్తరపోయారు.

"ఒక్కటి ముసలాళ్ళకి కదా? నేనేమన్నా ముసలిదాన్నా? మీ బౌలరు నిజంగా వికెట్ తీసింది. ఎగరరా?"

ముందు సలేమోవా వైపు నుంచి నవ్వు లేచింది. తర్వాత మైదానమంతా. ఓలితా పెద్దగా నవ్వి ఈల ఊదింది. ఎర్ర బట్టలన్నీ ఎగిరాయి, ఎగిరి ఎగిరి దుమ్ము లేపాయి. వైయోలా నడుం మీద చెయ్యి వేసుకుని చివరిదాకా చూసి అప్పుడు వెళ్ళింది.

ఆటలో తఫలేలే గెలిచింది.

*

భోజనాల దగ్గర ఓలితా నేరుగా వైయోలా పక్కన వచ్చి కూర్చుంది. "అమ్మగారూ, మీరొచ్చి ఏడాది కూడా కాలేదు. ఒక్క చప్పటంటే ఏంటో మీకెవరు చెప్పారు? మా కోడలు వచ్చి పదేళ్ళయింది, దానికిప్పటికీ రాదు."

వైయోలా పుస్తకం చూపించింది. ఓలితా వేళ్ళకంటిన కొబ్బరిపాలు తుడుచుకుని తీసుకుంది. మొదటి అధ్యాయం తెరవలేదు. పేర్లు వెతికింది. తన పేరు దొరికింది, అక్కడ రాసింది అబద్ధమంది. తర్వాత కొత్త పేజీ దగ్గర ఆగింది. పెదాలు కదుపుతూ చదివింది. ఒకసారి చదివి మళ్ళీ చదివింది.

"మూడేనా?" అంది.

"ఏవి మూడు?" అంది అపౌలా ఎదుటి వైపు నుంచి.

"లేయితు గుర్తులు. మూడే రాశారు. నాలుగోది లేదేం?"

కొబ్బరిపాలతో ఉడికించిన పాలుసామి ఆకుకూర వడ్డిస్తున్న మాసినా గరిటె గిన్నెలో ఆపింది. "నాలుగోది లేదు. ఉంటే మాకు తెలియదా?"

"మీకు తెలియదు. మీరు దాని వెనకా పక్కనా నిలబడేవాళ్ళు. నేను ఎదురుగా ఉండేదాన్ని." ఓలితా నెమ్మదిగా నమిలి మింగింది. "బౌలర్ని మార్చబోయే ముందు తలముడి విప్పి మళ్ళీ వేసుకునేది. అది ముడి మీద చెయ్యి వేస్తే చాలు, మా బ్యాటరుకి నేను దగ్గి చెప్పేదాన్ని. వచ్చేది పౌలీనా అని."

"దొంగముండా!" అంది పౌలీనా లేచి నిలబడి. "అందుకేనా నా మొదటి బంతులన్నీ కొట్టేవాళ్ళు? నా చెయ్యి పాడైందేమోనని దేవుడికి మొక్కుకున్నానే!"

"మొక్కు వల్ల నష్టమేం లేదులే."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మానేసేది కదా," అంది ఓలితా. కాస్త ఆగి, "ఇంక మానదు," అంది మెల్లగా. "అందుకని చెబుతున్నా. రాసుకోండి. లేకపోతే నేను పోయాక ఇది ఎవరికీ తెలియదు."

అపౌలా చేతిలో పెన్సిలు ఉంది. ఆ ముడి ఆమెకు తెలుసు. చివరిసారి దాన్ని వేసింది తనే, పెట్టెలో పడుకోబెట్టే ముందు. కాని చెల్లెలు మైదానం మధ్యలో దాన్ని విప్పుకుని వేసుకోవడం ఆమె చూడలేదు. ఊరిలో ఎవరూ పట్టించుకోలేదు. పొరుగూరి మనిషి ఒకతె దాన్ని ఏళ్ళ తరబడి కన్నార్పకుండా చూసింది.

పుస్తకం తీసుకుని ఆ పేజీ తిప్పింది. వెనక వైపు తెల్లగా ఉంది.

"పూర్తిగా విప్పేదా?" అంది. "లేక విప్పినట్టు చేసేదా?"

ఓలితా ఆలోచించింది. రెండు చేతులూ తల వెనక్కి ఎత్తింది, దించింది. "ఇలా కూర్చుని చెబితే రాదు," అంది. ఆకు పక్కకు జరిపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి లేచింది. "రండి. నువ్వు అక్కడ నిలబడు, అది నిలబడే చోట. నేను నా చోటికి పోతాను. నువ్వు చెయ్యి, నేను చూసి చెబుతా."

అపౌలా పెన్సిలు చెవి మీద పెట్టుకుని ఆమె వెనకే మైదానంలోకి నడిచింది.